దీపం పట్టుకుని మా అత్త చెప్పిన మాట

ఆ స్వామి మా ఊరికి రాకపోతే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. హుజూర్‌నగర్ దిక్కు పల్లె మాది. పోలీసు చర్య అయిపోయి, రజాకార్లు పోయి, ఊరి చివర మిలటరీ క్యాంపు పడ్డ రోజులవి. కమ్యూనిస్టు దళంలో తిరిగిన మా ఆయన పశువుల కొట్టంలోనే దాక్కున్నాడు, జొన్నలు పోసుకునే పాతరలో. నేలలో తవ్విన ఆ గుంతలో మనిషి ఉన్నాడని నాకూ మా అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు.

స్వామి గొంతెత్తితే ముసలివాళ్ళు కూడా లేచి చిందులు వేసేవారు. కల్లు మానేసి ఊరంతా భజనలో పడింది. సాక్షాత్తు దేవుడని కొందరు, క్యాంపువాళ్ళ మనిషని కొందరు. నాకు మాత్రం వాణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. రోజూ పొద్దుగూకే వేళ ఒకరి చేతికి దీపమిచ్చి, "కడుపుల దాసుకున్నది చెప్పున్రి. దాస్తే మీ పిల్లలకే తగుల్తది" అనేవాడు. జనం ఏడ్చి ఏడ్చి చెప్పేవారు.

మా అత్తకు తిండి సయించడం మానేసింది.

"పిలగానికి తగుల్తదంటుండు గదనే," అని ఒకటే గొణుగుడు.

"నీ కాళ్ళు మొక్కుత అత్తా, నోరిప్పితే ఆయనను కాల్చి పారేస్తరు," అన్నాను. ఆమె నా ముఖం చూడలేదు. ఆ వారమంతా నేను కాలుగాలిన పిల్లిలా కొట్టంలోకీ వాకిట్లోకీ తిరిగాను.

ఏడో రోజు దీపం మా అత్త చేతికి వచ్చింది. వెనక ఇద్దరు జవాన్లు నిలబడి ఉన్నారు. దీపం ఒరిగి నూనె ఆమె మణికట్టు మీద ఒలికింది.

"నా కొడుకు సచ్చిపోయిండు సామీ," అంది. "నెల కింద అడివిల తూటా తగిలింది. కోడలికి సుత చెప్పలె. దాసిన."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆడవాళ్ళు "అయ్యో బిడ్డా" అంటూ నా మీద పడ్డారు. గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. బోరున ఏడ్చాను. దొంగ ఏడుపు కాదది, పెళ్ళై ఏడాదైనా కాలేదు నాకు.

మర్నాడు పాతర మూత జరిపి, వండిన జొన్న గటుక గిన్నె అందించాను. నా చేతుల మీద వెలుతురు పడింది.

"గాజులేవే?" అన్నాడు.

"నువ్వు సచ్చినవట. మీ అమ్మ దీపం పట్టుకొని చెప్పింది."

పకపకా నవ్వాడు, పిచ్చి మనిషి. "అమ్మను పిలువు," అన్నాడు.

ఆమె రాలేదు. తన మాట ఎక్కడ తగులుతుందోనని కొడుకు ముఖం చూడడానికే భయపడింది.

స్వామి ఇంకో ఊరికి పోయాడు. వాడు క్యాంపు మనిషో కాదో నాకు ఈనాటికీ తెలియదు. కొన్నాళ్ళకు క్యాంపు ఎత్తేశాక మా ఆయన బయటికి వచ్చాడు, నేను కొత్త గాజులు వేసుకున్నాను. మా అత్త మాత్రం చచ్చేదాకా దీపం ముట్టించలేదు. కొడుక్కి కాస్త ఒళ్ళు వెచ్చబడినా చాలు, పరుగున వచ్చి ముందు నా చేతులు పట్టుకుని గాజులు తడిమి చూసేది.