సవరణగారి పైకప్పు

సవరణగారు పుట్టగానే ఏడవలేదు. నర్సు తూకం వేసి మూడు కిలోలని చెప్పగానే కళ్లు తెరిచి, ఇవాళ బారోమీటరు ఎంత చూపిస్తోందని అడిగారు. నమ్మనివాళ్లు నమ్మకపోవచ్చు. కానీ ఆయనతో అరగంట కూర్చున్నవాళ్లెవరూ ఇది అబద్ధమనలేదు. మహా అయితే, ఒక్కసారే అడిగి ఊరుకున్నారా అని ఆశ్చర్యపోయారు.

ఏ అంకెనూ ఉన్నదున్నట్టు ఒప్పుకోకపోవడం ఆయన జబ్బు. ఆ జబ్బు ఉద్యోగంతో ముదిరింది. కొండ మీద పల్చటి చదును కప్పున్న గది ఒకటుంది, దాన్నే స్టేషనంటారు. అందులో సీసం తొడిగిన పొడవాటి గొట్టాలుంటాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొంటే న్యూట్రాన్లు చిమ్ముతాయి. అవి గొట్టాల్లో పడ్డప్పుడల్లా యంత్రంలో అంకె పెరుగుతుంది. సూర్యుడు తుఫాను విసిరాడంటే ఆ కిరణాలకు దారి మూసుకుపోయి లెక్క పడిపోతుంది. దాన్ని చూసుకుని ఉపగ్రహాలవాళ్లూ విమానాలవాళ్లూ జాగ్రత్త పడతారు. చిక్కల్లా ఏమిటంటే, మామూలు గాలి బరువెక్కినా లెక్క పడిపోతుంది. ఆ నింద సూర్యుడి మీద పడకుండా, ప్రతి అంకెనూ ఆనాటి గాలి పీడనం చూసి సవరించాలి.

ఇరవై ఆరేళ్లు ఆ పని చేసిన మనిషి, ఇంటికొచ్చాక దాన్ని గొడుగుతో పాటు గుమ్మం దగ్గర వదిలేస్తారా? వదల్లేదు. డాక్టరు బీపీ నూట నలభై అంటే, బయట గాలి పీడనం ఎంతుందో చూసి చెప్పమని కూర్చుని, చివరికి డాక్టరు బీపీ పెంచి వచ్చారు. పెళ్లికి ముందు, కాబోయే భార్య సరేనన్న రోజు వాతావరణం మరీ తేలిగ్గా ఉందట. అందుకని గాలి బరువెక్కేదాకా పది రోజులు ఆగి మళ్లీ అడిగారు. ఈసారి ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి సరేనంది. పది రోజుల తేడాకి ఒక నిట్టూర్పు, అని ఆయన పుస్తకంలో రాసుకున్నారు.

తమ్ముడి కొడుకు లెక్కల పరీక్షలో ముప్పై మూడు తెచ్చుకుని, ముప్పై అయిదు కావాలి, రెండు మార్కుల్లో పోయింది పెదనాన్నా అని వచ్చి నిలబడ్డాడు. ఆయన పాత రికార్డు తీసి చూశారు.

"ఆ రోజు గాలి బరువుగానే ఉందిరా. సవరిస్తే ముప్పై మూడు పాయింట్ నాలుగు."

"అయితే పాసేనా పెదనాన్నా?"

"కాదు. ఇంకాస్త దగ్గర్లో ఫెయిలు."

ఈయన దగ్గర పదేళ్లుగా కాపలా ఉద్యోగం చేస్తున్న ఆవిడకు మాత్రం ఇందులో నవ్వొచ్చేదేమీ కనబడలేదు. స్టేషను వెనక రెండు గదుల క్వార్టర్సులో ఆవిడ, ఆవిడ మామగారు ఉంటారు. మామగారు రైళ్లు నడిపి రిటైరైన మనిషి. ఆయన రిటైరైనా మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది. కానీ వయసు మీదపడి, నిద్రలో పక్క తడిసిపోతోంది, రాత్రి మార్చి వేసిన రెండో పరుపూ తెల్లారేసరికి తడుస్తోంది. పరుపు ఆరేద్దామంటే క్వార్టర్సు ముందంతా రోడ్డు, రోడ్డు మీద మామగారి పాత స్నేహితులు. ఎవరి కంటా పడని ఎండ ఒక్కచోటే ఉంది. అది ఆ గొట్టాల గది పైకప్పు.

పైకప్పు మీద ఏ వస్తువూ పెట్టరాదని బోర్డుంది. ఆ బోర్డు రోజూ తుడిచేది ఆవిడే. పైన తడి ఏదైనా ఉంటే న్యూట్రాన్లు కొన్ని అందులోనే ఆగిపోతాయట. కప్పెక్కిన పిల్లిని కూడా సవరణగారు దింపి, తూచి, బరువు రాసుకుని వదిలారు. అలాంటి మనిషి నెత్తి మీద ఆవిడ పదేళ్లుగా రోజూ రెండు పరుపులు ఆరేస్తోంది. ఆయన పదింటికి లోపలికెళ్లి తలుపేసుకోగానే వెనక నిచ్చెన ఎక్కి పరిచేది, నాలుగింటికి దింపేసేది. తెలిస్తే ఉద్యోగం పోతుంది, దాంతో పాటే క్వార్టర్సూ పోతుంది. మామగారిని తీసుకుని ఎక్కడికెళ్లాలో ఆవిడకి తెలియదు.

ఆ స్టేషను లెక్కల్ని సూర్య తుఫాను హెచ్చరికలకు వాడొచ్చో లేదో తేల్చడానికి పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తారని కబురొచ్చింది. ఆయన చెప్పిన తేదీకి ఒకరోజు ముందే, పట్టపగలు పదకొండున్నరకి దిగారు. ముందు టీ తాగమని ఆవిడ రెండుసార్లు బతిమాలింది. ఆయన టీ మానేసి నిచ్చెన ఎక్కారు. ఆవిడ కిందే నిచ్చెన పట్టుకుని నిలబడిపోయింది.

"పైన పరుపులున్నాయండీ," అన్నారు అధికారి, దొంగను పట్టుకున్న గొంతుతో.

"రెండు," అన్నారు సవరణగారు, గదిలోంచి బయటికొస్తూ.

"మీకు తెలిసే ఉన్నాయా?"

సవరణగారు లోపలికెళ్లి లావుపాటి పుస్తకమొకటి తెచ్చారు. తేమ పొర, ఒకటో రకం. తేమ పొర, రెండో రకం. తేదీల వారీగా పరిచిన వేళ, తీసిన వేళ, తడి బరువు, పొడి బరువు, దాన్ని బట్టి లెక్కకు ఎంత కలపాలో ఆ గుణకం. అంటే ఆవిడ నిచ్చెన దిగి అటు వెళ్లగానే, ఆయన స్ప్రింగు త్రాసు పట్టుకుని ఇటు ఎక్కేవారన్నమాట. నాలుగింటికి ఆవిడ రాకముందే మళ్లీ. రోజుకి రెండుసార్లు. పదేళ్లు.

అధికారి పేజీలు తిప్పారు. గడిచిన తుఫానుల్లో మిగతా స్టేషన్లు చూపిన తగ్గుదలతో పోల్చి చూశారు. రెండో దశాంశం దాకా సరిపోయింది. దాంతో ఆయనకి ఇంకా ఒళ్లు మండింది.

"ఇంత తంటా ఎందుకండీ? తీసెయ్యమని ఒక్క మాటంటే పోయేదిగా."

"ఇప్పుడు తీసేస్తే పదేళ్ల లెక్క మధ్యలో తెగిపోతుంది. అవి పరికరంలో భాగం."

"అసలు రోజూ ఇంత తడి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

క్వార్టర్సు గుమ్మంలో పేపరు చదువుతున్న మామగారు పేజీ తిప్పబోయి ఆగారు. ఆవిడ నేల వైపు చూసింది.

"తేమ ఎంత అన్నదానికే పుస్తకంలో గడి ఉంది," అన్నారు సవరణగారు. "ఎక్కణ్ణుంచి అన్నదానికి లేదు."

మామగారు పేజీ తిప్పారు.

అధికారి కలం తీసి, సంతకం పెట్టే ముందు ఇవాళ బారోమీటరు ఎంతుందని అడిగారు. జబ్బు అంటుకుందన్నమాట. ఆ రిపోర్టు ఇప్పటికీ ఫైల్లో ఉంది: పైకప్పు మీది పరుపులు పరికరంలో భాగం, రాతపూర్వక అనుమతి లేనిదే తొలగించరాదు. లెక్కలు హెచ్చరికలకు వాడవచ్చు.

జీపు కొండ దిగాక ఆవిడ సవరణగారి దగ్గరికెళ్లింది. ఉన్నమాటే చెప్పింది.

"పదేళ్లు రోజూ భయపడుతూనే ఉన్నానండీ."

ఆయన గొట్టాల వైపు చూసి, పుస్తకంలో వేళ రాసుకుని, అప్పుడు జవాబిచ్చారు.

"అందులో ఎనిమిదేళ్లు అనవసరం. మొదటి రెండేళ్లూ ఇద్దరం భయపడాల్సిందే, గుణకం ఇంకా తేలలేదు."