వేలూరు పని

చంద్రగిరి బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్న కుప్పమ్మ నోటికి వీధి వీధంతా దడుచుకుంటుంది. చట్నీ అడిగితే తిట్టి వేస్తుంది. అడక్కపోతే, మొహమాటమేంటికని తిట్టి ఇంకో గరిటె వేస్తుంది. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టేసుకుంది.

బోరు నీళ్ల తగువులో పక్క చేనతని చెయ్యి విరగ్గొట్టి కొడుకు గిరి రిమాండుకు పోయాడు. అమ్మ తట్టుకోలేదని, వేలూరులో పనికి పోయినట్టు భార్య కోమలి చేత చెప్పించాడు. బండి దగ్గర ఇడ్లీ తినే కానిస్టేబులు మర్నాడే గుట్టు విప్పేశాడు. అయినా కుప్పమ్మ ఏమీ ఎరగనట్టే ఉంది. 'వేలూర్లో చలంట' అంటూ కోడలి చేతిలో దుప్పటి పెట్టింది. మూడు నెలలకు బెయిలు మీద వచ్చిన కొడుకును చూసి, 'ఆడ నీళ్లు పడలేదా నాయనా, చిక్కిపోయినావు' అంది. లోపల మాత్రం కుమిలిపోయింది.

కేసు సంగతి ఇంక దాగలేదు గానీ, రిమాండు మాట మాత్రం గిరి దాస్తూనే ఉన్నాడు. ఏడాది శిక్ష పడిన రోజు ఆమె కోర్టులో వెనక బెంచీ మీదే ఉంది. ఈ కేసులో ఇంతకు ముందు లోపల ఉన్నావా అని జడ్జిగారు అడిగితే, గిరి తల్లి వైపు చూసి 'లేదు సామీ' అన్నాడు. కాగితాలు తిరగెయ్యాల్సిన వాళ్లూ తిరగెయ్యలేదు. శిక్షలో పోవాల్సిన రిమాండు నెలలు లెక్కలోకే రాలేదు.

కొత్తగా వచ్చిన వకీలు కృపారాణి ఆ తప్పు పట్టుకుంది. అప్పీలు వేస్తే మూడు నెలలు ముందే ఇంటికొస్తాడంది.

"కానీ సంతకం పెట్టనంటున్నాడవ్వా. రిమాండు మాట రాస్తే నీకు తెలిసిపోతుందంట."

కుప్పమ్మ ఆ పూట బండి తియ్యలేదు. నేరుగా జైలుకు పోయింది.

"సంతకం ఏంటికి పెట్టవురా?" అని కమ్మీల ఇవతల నుంచే కసిరింది.

"అంతా అబద్ధం రాసినారమా. అప్పుడు నేను వేలూర్లో ఉన్న్యా గదా."

"నువ్వు యాడుండావో మర్నాడే తెల్సురా నాకు!"

గిరి తల దించుకున్నాడు. కుప్పమ్మ గొంతు తగ్గించింది.

"నేను ఏడుస్తానని నువ్వు దాస్తివి. నువ్వు సిగ్గుపడతావని నేను దాస్తి. మన నాటకానికి ఇంకా మూన్నెల్లు నువ్వీడ కూర్చోవాల్నా? పెట్టరా నాయనా."

గిరి కళ్లు తుడుచుకుని పెట్టాడు.

పై కోర్టు ఆ మూడు నెలలనూ శిక్షలో తగ్గించమంది. విడుదలైన పొద్దు గిరి గేటు దాటి వచ్చేసరికి, కుప్పమ్మ వాడి వీపు మీద ఒకటి చరిచి, అందరి ముందూ పట్టుకుని గొల్లుమంది. పక్కనున్న ఆటో అతను కంగారుపడ్డాడు.

"ఎవరన్నా పోయినారామ్మా?"

"ఎవురూ పోలేదప్పా," అంది కుప్పమ్మ గట్టిగా. "నా కొడుకు జైల్లోంచి వచ్చినాడు."