ఎక్కడ తీసిన మన్ను?

మన్ను మళ్లీ పరీక్ష చేయమని నాలుగు దరఖాస్తులు పెట్టాను. ఇప్పటిదాకా నా పొలానికి ఒక్కరూ రాలేదు. వరండాలో పాత పేపరు మీద నేనే తెచ్చి ఆరబోసిన మన్ను పచ్చివాసన తగిలినప్పుడల్లా రాజమణి అక్క గుర్తొచ్చి, ఆఫీసువాళ్ల మీద కోపం ఇంకా పెరుగుతోంది. ఆమె అప్పట్లో ఆ మట్టి పరీక్షల ఆఫీసులో సహాయకురాలు. మొదటిసారి నేను సంచిలో మన్ను తీసుకుపోతే, నలుగురి ముందు చెత్తడబ్బాలో కుమ్మరించింది.

"గడ్డివేర్లు ఏలాడుతున్నయ్. ఇది గట్టు మన్ను. చెరుకు గట్టు మీద ఏస్తవా?"

"పొలంలనే ఏస్త."

"మరి గట్టుకెందుకు పరీక్ష? గదేమన్న నౌకరికి పోతదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు. కానీ ఆదివారం ఆమే బోధన్ బస్సెక్కి మా పొలానికి వచ్చింది. వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల జానెడు లోతు తవ్వించింది. అంతా కలిపి, రొట్టెలా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేయించింది. మిగిలింది కలిపి మళ్లీ నాలుగు చేయమంది. విసుక్కున్నాను.

"నీకు నచ్చిన కాడ తీస్తే అది పరీక్ష కాదు తమ్మీ, ముచ్చట" అంది.

కాలువ వైపు మూల చౌడు మొదలైందని తేలింది. నీరు బయటికి పోయేందుకు బోదె తవ్వమంది, తవ్వాను. చెరుకు నిలిచింది.

తర్వాత ప్రతి రైతుకూ మట్టి కార్డు ఇవ్వాలని సర్కారు నిర్ణయించింది. మంచి నిర్ణయమే. గడువు దాన్ని తినేసింది. పొలాలు తిరిగే తీరిక లేక, ఊరి సంచులన్నిటిలో ఒకే రోడ్డు పక్క మన్ను నింపి పంపారు. అక్క వాటిని పక్కన పెట్టేసింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"నువ్వేమన్నా సైంటిస్టువా? అంకెలేసి పంపించు" అన్నాడు పైఅధికారి.

"కాదు సార్. గందుకే అంకెలు పుట్టిచ్చుడు నాకు రాదు."

మర్నాడు ఆమెను గోదాముకు మార్చారు. అక్కడే రిటైరై, రెండేళ్ల కిందట పోయింది.

ఆమె వల్ల నాకో జబ్బు అంటుకుంది. నీళ్లు బాగున్నాయన్నా, గాలి బాగుందన్నా, ఎక్కడ తీసి చూశారని అడుగుతాను. నన్ను చూడగానే ఆఫీసులో కుర్చీలు ఖాళీ అవుతాయి.

ఇప్పుడు నాకు కొత్త మట్టి కార్డు వచ్చింది. నా నల్లరేగడికీ, గుట్ట కింద మా అన్న ఎర్రచెల్కకూ అంకె తేడా లేదు. నేల బాగుందట! చౌడు మళ్లీ తెల్లపొరగా తేలిన ఆ నేల మీదే నా చెరుకు మొలకలు మాడిపోయాయి. దరఖాస్తులకు వచ్చిన జవాబు ఒక్కటే: "మీ ఊరి పరీక్షలు పూర్తయ్యాయి." పూర్తయ్యాయా అని కాదు, మన్ను ఎక్కడ తీశారని నేను అడిగింది.

మళ్లీ నాటడానికి నెల కూడా లేదు. ఇది కూడా మాడితే నేను కూలికి పోవాలి. ఎరువు వేయాలా, ముందు చౌడు విడిపించాలా? నా పొలంలో అడుగైనా పెట్టకుండా ఆ అంకెలు రాసినవారెవరో, వచ్చి నా ముందు నిలబడి చెప్పాలి.