బతికినవాళ్ల ఇల్లు నచ్చని మేస్త్రీ

మా బామ్మర్ది ఆంజనేయన్‌కు బతికినవాళ్ల ఇల్లు ఒక్కటీ నచ్చదు. చచ్చినవాళ్ల ఇళ్లే నచ్చుతాయి. పనీపాటా లేనివాడైతే పోనీలే అనుకునేవాణ్ణి. కానీ ఆ మహానుభావుడు చేసేది మేస్త్రీ పని. కట్టేది బతికినవాళ్లకు, మెచ్చేది చచ్చినవాళ్లను.

చచ్చినవాళ్ల ఇళ్లంటే తమిళనాడులోని మా ధర్మపురి చుట్టుపక్కల గుట్టల మీదా, చేల గట్ల మీదా కనిపించే పాతకాలపు రాతి సమాధులు. నాలుగు వైపులా బండలు నిలబెట్టి, పైన ఏనుగంత బండ ఒకటి కప్పి, చుట్టూ గుండ్రంగా రాళ్లు పాతి ఉంటారు. ఎవరు కట్టారో, అంత బండను ఎట్లా ఎత్తారో చెప్పేవాడు లేడు. మావాళ్లు పాండవుల ఇళ్లంటారు. మేకలు కాసేవాళ్లు వానొస్తే లోపల దూరతారు. అంతకుమించి మానవజాతికి వాటితో పనిలేదు. మా ఆంజనేయన్‌కు మాత్రం ఆదివారం తెల్లవారితే చాలు, మోపెడ్ తీసి, సెల్‌ఫోను మెడకు తాడుతో కట్టుకుని, సద్దిమూట పట్టుకుని గుట్టలెక్కడమే. పొద్దుగూకే లోపల రెండు వందల ఫోటోలు. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి, పడుకుని, పాకి. పెళ్లికూతురికి కూడా అన్ని ఫోటోలు తీయరు.

ఆ ఫోటోలన్నీ తన దగ్గరే ఉంచుకుంటే నాకు పేచీ లేదు. మా కుటుంబానికి వాట్సాప్ గ్రూపు ఒకటుంది. పొద్దున ఆరింటికి అందరూ గులాబీ పువ్వులూ, మురుగన్ పటాలూ పంపితే, ఇతను ఒక సమాధి పంపి కింద ‘కాలై వణక్కం’, అంటే శుభోదయం, అని పెడతాడు. ఒకసారి మా పెద్దనాన్న గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరాడు. అందరూ త్వరగా బాగవ్వాలని రాశారు. ఇతనూ రాశాడు, సమాధి బొమ్మతో సహా. అది చూసి మా పెద్దనాన్న మూడు రోజులుగా లేవనివాడు లేచి కూర్చుని, “వాన్ని పిలవండ్రా, వాని పని చెప్తాను!” అని అరిచాడట. పేషెంటు బాగా కోలుకున్నాడని డాక్టరు మర్నాడే ఇంటికి పంపేశాడు. అందుకు ఆంజనేయన్‌కు కృతజ్ఞతలు చెప్పాలని మా ఆవిడ ఇళవరసి వాదన. తమ్ముడంటే ఆమెకు కళ్లు కనపడవు.

నలభై మూడేళ్లొచ్చినా అతనికి పెళ్లి కాలేదు. అంటే ప్రయత్నం చేయలేదని కాదు. మొరప్పూర్‌లో ఒక సంబంధం చూడబోయాం. పిల్ల తండ్రి పెళ్లికొడుకును మర్యాదగా కూర్చోబెట్టి, “మాప్పిళ్లైకి సొంతిల్లు ఉండాదా?” అని అడిగాడు.

“ఇంకా కట్టలేదు మామా. కడితే ఇట్లాంటిది కట్టాలని ఆశ,” అని ఇతను ఫోను తీసి చూపించాడు.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. “రాతి కట్టడం. గట్టిగానే ఉండాది. ఎవరిది?”

“చచ్చిపోయినోళ్లది మామా. ఇద్దరు ముగ్గురు దాకా పట్టతారు.”

లోపల కాఫీ కాగుతున్న వాసన వచ్చింది. ఆ వాసనతోనే మేం బస్సెక్కాం.

నాది పెరియంపట్టి రోడ్డు మీద సిమెంటు అంగడి. బామ్మర్ది మేస్త్రీ అయితే అంగడికి లాభమని లోకం అనుకుంటుంది. లోకం వచ్చి ఒకరోజు నా అంగట్లో కూర్చోవాలి. ఎవరైనా సిమెంటు కొనడానికి వస్తే ఇతను పక్కన నిలబడి, “ఇది చూడన్నా, మూడువేల ఏండ్లాయె. సిమెంటు లేదు, మట్టి లేదు. ఒక బీటుందా చూడు!” అని ఫోను చాపుతాడు. కొనేవాడు ఫోనూ చూస్తాడు, నా మూటలూ చూస్తాడు, ‘మళ్లొస్తాను’ అని పోతాడు.

అన్నిటికంటే గొప్ప ఘనకార్యం బి. మల్లాపురంలో జరిగింది. దొరైసామి అనే బెల్లం వ్యాపారి రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. కట్టింది ఆంజనేయనే. పాలు పొంగించే రోజు ఊరంతా వచ్చింది. దొరైసామి పట్టుపంచె కట్టుకుని, పదిమంది ముందు మురిసిపోతూ అడిగాడు. “ఏం మేస్త్రీ, ఎట్లుండాది మన ఇల్లు?”

“ఉండాది,” అన్నాడు ఆంజనేయన్.

“ఉండాదంటే?”

“నేను కిటికీ తూర్పుకి పెట్టాలంటిని. నువ్వు వద్దంటివి. ఇది చూడన్నా.” ఫోను బయటికొచ్చింది. నేను దగ్గాను. ఇళవరసి దగ్గింది. అతనికి వినపడలేదు. “ఈ నిలువు బండలో గుండ్రంగా ఎంత చక్కగా తొలిచినారు చూడు. గాలికి.”

“ఇది సమాధి కాదారా? చచ్చినోనికి గాలి ఏలరా?”

“అదే కదన్నా నేను చెప్పేది! చచ్చినోనికే వాళ్లు గాలి వదిలిరి. బతికినోనివి, నువ్వు నీకి వదులుకోలేదు.”

పొంగుతున్న పాలు పొయ్యి మీదే మాడిపోయాయి. దొరైసామి మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు, మెడ పట్టుకుని. ఆ తర్వాత రెండేళ్లు బి. మల్లాపురం నుంచి ఒక్క మనిషి నా అంగడి మెట్లెక్కలేదు. ఇట్లాంటి మనిషిని నేను పిచ్చివాడన్నానంటే తప్పు నాదా?

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఊరి చివర కాలనీలో మూకాయవ్వ అని ఒక ముసలమ్మ ఉంది. ముప్పై ఏళ్లు ఇళ్ల పనుల్లో ఇసుకా, కలిపిన సిమెంటూ తట్టల్లో మోసింది. ఎవరూ లేరు. ఒక మంచం, ఒక కోడి, ఒక గది. ఆ గది మీది స్లాబు పాతబడి, కమ్మీలు తుప్పుపట్టి, పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఒకసారి కొబ్బరికాయంత పెచ్చు ఆమె చాప మీద పడింది. ఆ సమయానికి ఆమె బయట కోడిని వెతుకుతోంది కాబట్టి బతికింది. ఊరి పెద్ద కందసామి నలుగుర్ని వెంటబెట్టుకుని పోయి, ఊరంతా కలిసి కప్పు వేయిస్తామన్నాడు. ఆమె చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

“ముప్పై ఏండ్లు తట్ట మోసిన తల ఇది. ఊరోళ్ల బిచ్చం మోయదు. పోండి!”

కప్పుకోమని పిల్లలు తెచ్చిన ప్లాస్టిక్ పట్టను కూడా మడత విప్పకుండా తిప్పి పంపింది. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి. ఊరు ఊరంతా చేతులు కట్టుకుని ఆ కప్పు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ గది వెనకే చేలో రాళ్లు గుండ్రంగా పాతిన సమాధి ఒకటి ఉంది. ఇక చెప్పేదేముంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను భోంచేసి నడుం వాల్చబోతుంటే ఎవరో పరుగెత్తుకొచ్చారు. “మీ బామ్మర్ది ఫోటో తియ్యను మూకాయవ్వ మిద్దె ఎక్కినాడు! మిద్దె కూలిపోయె!”

నేను చొక్కా తిరగేసి వేసుకుని పరుగెత్తాను. అప్పటికే పంచాయతీ కూడింది. ఆంజనేయన్ తల నుంచి కాళ్ల దాకా సున్నంతో తెల్లగా నిలబడి ఉన్నాడు. ఎడమకాలు కుంటుతున్నాడు. ఫోను మాత్రం మెడలో క్షేమంగా ఉంది.

“ఏల ఎక్కినావురా?” అన్నాడు కందసామి.

“కింద నుంచి తీస్తే రాళ్ల గుండ్రం గుండ్రంగా రాదన్నా. మీద నుంచి తియ్యాల. వెనక్కి నడస్తా నడస్తా పడిపోతిని.”

“చచ్చినోళ్ల ఇల్లు చూసేదానికి బతికినామె ఇల్లు కూల్చినావా!”

మూకాయవ్వ మట్టి ఎత్తి అతని మీద పోసింది. వరసపెట్టి తిట్టింది. అందులో కొన్ని తిట్లు నేను మొదటిసారి విన్నాను. ఊరంతా తలా ఒక మాట అన్నారు. నేను రెండన్నాను. చివరికి కందసామి తీర్పు చెప్పాడు. “కూల్చినోడే కట్టియ్యాల. వానలకి ముందర.”

“కట్టిస్తానన్నా,” అని ఆంజనేయన్ నా వైపు చూశాడు. అందరూ నా వైపు చూశారు. సిమెంటు అంగడి ఎవరిదో ఊరికి తెలుసు.

మర్నాడు సిమెంటు మూటలతో పాటు నేనూ వెళ్లాను, ఇంకా నాలుగు తిట్టడానికి. ఆంజనేయన్ కుంటుతూ ఎదురొచ్చాడు. కుడికాలు కుంటుతున్నాడు.

“నిన్న ఎడమ కాలు కదరా?”

“రెండూ బావా,” అన్నాడు, కాసేపు ఆలోచించి.

వేపచెట్టు కింద మూకాయవ్వ సామానంతా ఉంది. మంచం, ట్రంకుపెట్టె, కుండలు, రేషన్ బియ్యం, కోడిగంప, గోడకుండే కేలండరు కూడా. ఒక్క చెంబుకు సొట్ట లేదు. ఒక్క కుండకు బీట లేదు.

“ఇవన్నీ ఎప్పుడు బయట పెడితివి అవ్వా?” అన్నాను.

“మిద్దె కూలే ముందరే. మీ వాడే పెట్టినాడు,” అంది ఆమె మొహంలో ఏ భావమూ లేకుండా. “చెంబుల మెరుపు ఫోను కండ్లలో కొడతాదంట. ఫోటో చెడిపోతాదంట.”

“నువ్వు యాడుంటివి?”

“ఆ రాళ్ల కాడ. పక్కన మనిషి నిలబడితేనే రాయి ఎంత ఎత్తో తెలస్తాదంట. కోడిని కూడా ఎత్తుకో అన్నాడు.”

“కోడి ఏల?”

“చిన్న రాళ్లకి కోడి అంట.”

నేను నిచ్చెన వేసుకుని గోడెక్కాను. ఇరవై ఏళ్లుగా సిమెంటు అమ్ముతున్నాను, పడిన కప్పులు చాలా చూశాను. మనిషి పడితే కప్పుకు బొక్క పడుతుంది. ఇది బొక్క కాదు. నాలుగు గోడల వెంబడి, నూలు పట్టి గీసినట్టు, ఉలి దెబ్బలు. తుప్పుపట్టిన కమ్మీలు వరసగా ఒక్కొక్కటే కోసి ఉన్నాయి. అంత శుభ్రంగా కూలగొట్టిన ఇంటిని నేను పుట్టాక చూడలేదు. కట్టేటప్పుడు కూడా వీడు అంత శ్రద్ధ పెట్టడు.

కిందికి దిగేసరికి ఆంజనేయన్ నా చెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాగాడు.

“బావా, అరవొద్దు బావా. ఆమెకి తెలిస్తే కట్టనియ్యదు. తప్పు చేసినోడు కట్టిస్తే అది బిచ్చం కాదు కదా. అందుకని తప్పు చేసినాను.”

“ఊరంతా నిన్ను ఉమ్మేస్తా ఉందిరా!”

“ఎప్పుడూ ఉమ్మేదే కదా బావా. దానికి వాళ్లకి కారణం చెప్పే పని కూడా నాకి లేకపాయె. సమాధుల పిచ్చోడు ఎక్కినాడు, కూల్చినాడు అంటే ఎవరైనా నమ్మతారు.”

తిట్టడానికి తెచ్చుకున్న నాలుగు మాటలూ అక్కడే మింగేశాను. ఆ దోవన నేనూ రోజూ పోతాను. ఆ కప్పును చూసి అయ్యో అనుకోవడం తప్ప నాకేమీ తోచలేదు. ఈ పిచ్చి వెధవకు తోచింది. అది నాకు ఇంకా మంటగా ఉంది.

పని పన్నెండు రోజులు సాగింది. మూకాయవ్వ పక్కనే కూర్చుని, ఇసుక జల్లించలేదనీ, నీళ్లెక్కువయ్యాయనీ సతాయించి చంపింది. ఇంకా తీరక తనే కొంగు బిగించి నీళ్లు మోసింది. ఒక రోజు ఆంజనేయన్ కమ్మీల కోసం వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

“నాయనా, నీకొక మాట. నేను ముప్పై ఏండ్లు మేస్త్రీల కింద తట్ట మోసినాను. కూలిన మిద్దె ఏదో, కూల్చిన మిద్దె ఏదో నాకి తెలవదా? కోడిని ఎత్తుకొని ఎండలో నిలబడిన దినమే తెలుసు. ఉలి శబ్దం నా చెవుల్లో పడతానే ఉండె.”

“మరి ఊరుకుంటివి కదవ్వా?” అన్నాను.

“ఏం చేసేది? ఊరోళ్లు ఇస్తామని వచ్చిరి. వీడు దొంగ మాదిరి వచ్చినాడు. నా మర్యాద కాపాడాలని అన్ని అబద్ధాలు చెప్పినోన్ని, అబద్ధం అంటే ఏం బాగుంటాది?” అని చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “వానితో అనొద్దు. నాకి తెలుసని తెలిస్తే వాడు సిగ్గుతో ఈ పక్కకే రాడు.”

అప్పటినుంచి నా బతుకు ఈ ఇద్దరి నడుమ ఇరుక్కుంది. ఆమెకు తెలియకూడదని ఇతనూ, ఇతనికి తెలియకూడదని అవ్వా నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇళవరసికి కూడా చెప్పలేదు. ఇక్కడ మాత్రం ధైర్యంగా రాస్తున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప, ఆ ముగ్గురికీ తెలుగు చదవడం రాదు.

స్లాబు పోసిన రోజు మూకాయవ్వ పనివాళ్లందరికీ రాగిసంగటి, అనపగింజల పులుసు వండింది. ఎవరు వద్దన్నా వినలేదు. కందసామితో సహా ఊళ్లో సగం మంది వచ్చి కొత్త కప్పును తలెత్తి చూశారు. అందరూ వరసగా కూర్చున్నాక ఆమె గరిట పట్టుకుని ఆంజనేయన్ ముందు నిలబడింది. ఊరంతా వినేటట్టు మొదలుపెట్టింది.

“కండ్లు యాడ పెట్టుకొని ఎక్కినావురా మిద్దె మీదకి? ఆడామె ఇల్లని లేదా? ఎనుము ఎక్కినా అట్ల కూలదు కదరా!”

“తప్పైపోయె అవ్వా,” అన్నాడు ఆంజనేయన్, తల వంచుకుని, పరమానందంగా.

“తప్పంట తప్పు! ఇంకో ముద్ద పెట్టుకో. సరిగ్గా తినను కూడా తెలవదు.”

“ఇంత గట్టిగా ఉన్నోడు ఎట్ల పడినాడో!” అన్నాడు కందసామి, పులుసు జుర్రుకుంటూ. “కాలు జారిందా, మిద్దె జారిందా? నువ్వు చెప్పవయ్యా, నువ్వు గోడెక్కి చూసినావు కదా?”

మూకాయవ్వ గరిట గాలిలో ఆగిపోయింది. ఆంజనేయన్ నములుతున్న నోరు ఆగిపోయింది. ఇద్దరూ, ఒకరినొకరు చూసుకోకుండా, నా వైపు చూశారు.

నేను విస్తట్లో ఉన్న సంగటి ముద్దను మొత్తంగా ఎత్తి నోట్లో పెట్టుకున్నాను.