గొంగడికి కచ్చా కుట్టు

కృష్ణానగర్ టైలర్ శాంతరాజుకు కోపం వస్తే కుట్టుమిషను తొక్కకుండానే తిరుగుతుందని వాడంతా చెప్పుకుంటారు. మూడేళ్లుగా అది ఆగింది లేదు.

ఆయనది తెనాలి. తండ్రి చర్చి ఫాదర్లకు అంగీలు కుట్టేవాడు, కొడుకు సినిమా రాజులకు కుట్టాడు. మూడేళ్ల కిందట ఓ సూపర్ హీరో సినిమాలో వీరుడి వీపు మీదికి నల్ల గొంగడి కుట్టిచ్చాడు. ఎగిరే వీరుడికి గొర్రెలకాపరి గొంగడేమిటని నవ్వినవాళ్లే, అవార్డులొచ్చాక దండాలు పెట్టారు. ఇక ఫిల్మ్‌నగర్‌లో ఎగిరే ప్రతివాడికీ గొంగడే. నీళ్లలో ఈదేవాడికీ గొంగడే!

అందరూ గొంగడిని చూశారు గానీ కుట్టును చూడలేదు. మెడ దగ్గర శాంతరాజు కచ్చా కుట్టే వేస్తాడు. తాడుకు వేలాడే మనిషి గొంగడి ఎక్కడైనా చిక్కుకుంటే దారం తెగాలి, మెడ మిగలాలి.

కొత్త డైరెక్టర్ పృథ్వీరాజ్ తన సినిమా గొంగడికి ఆ కుట్టు చూసి మండిపడ్డాడు.

"ఊడిపోతే షాట్ పోతుంది మాస్టర్! డబుల్ కుట్టు వేయండి."

"ఊడకపోతే మనిషి పోతాడండీ."

"ఆ అవార్డుల సినిమాలో ఊడలేదుగా?"

"చిక్కుకోలేదు కాబట్టి ఊడలేదు. గొంగడి కాపీ కొట్టారు, బుద్ధి కూడా కొట్టాల్సింది."

డైరెక్టర్ వినలేదు. వేరే టైలర్‌తో రెండు వరుసలు వేయించాడు. హీరో బదులు ఎగరాల్సిన డూప్ భిక్షం నవ్వి, "ఫికర్ చేయకు మాస్టర్, నా మెడ గట్టిది" అన్నాడు.

"నోర్ముయ్! నీ మెడ పదహారున్నర. ఇంకో మెడకు కొలత తీసే ఓపిక నాకు లేదు."

షాట్‌కు ముందు శాంతరాజు ఇస్త్రీ చేస్తానంటూ గొంగడి తీసుకెళ్లాడు. గొంగడికి ఇస్త్రీ ఏమిటని ఒక్కరూ అడగలేదు. దాన్ని కప్పుకుని పడుకున్నవాడు అక్కడ ఒక్కడుంటేగా! బ్లేడుతో రెండు వరుసలూ విప్పి, కచ్చా కుట్టు వేసి ఇచ్చాడు.

భిక్షం మూడంతస్తుల ఎత్తు ఎగిరాడు. గొంగడి అంచు సెట్టు ఇనుప చువ్వకు తగులుకుంది. మెడ దగ్గర దారం పుటుక్కుమని తెగింది. గొంగడి పైన వేలాడుతుండగా భిక్షం కింద పరుపు మీద దిగాడు.

"ఎవడు విప్పాడు?" డైరెక్టర్ అరిచాడు.

"నేనే. వాడి మెడ చూసి అప్పుడు తిట్టండి!"

డైరెక్టర్ మెడ చూడలేదు, మానిటర్ చూశాడు. "అబ్బ, ఏం షాట్! ఒన్స్ మోర్! మళ్లీ అక్కడే ఊడాలి."

శాంతరాజు కత్తెర నేలకేసి కొట్టి బయటికి నడిచాడు.

ఆ సినిమా విడుదలయ్యాక ఆరు కంపెనీలు ఫోన్ చేశాయి. గాల్లో ఊడే గొంగడి కావాలట.

"ఎందుకు ఊడాలో చెప్పండి, కుడతాను" అని అరిచాడాయన ప్రతి ఒక్కరి మీదా. ఒక్కరూ చెప్పలేకపోయారు. దుకాణంలో స్టూలు మీద కూర్చున్న భిక్షం మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా మెడ తడుముకున్నాడు.