కాక ఎంచిన సాఫ్ట్‌వేర్

సిరిసిల్లలో మా బట్టల గోదాములో ఏ గుడ్డ తాను ఎక్కడుందో తెలియక, బార్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కొందామనుకున్నాడు మా సేటు. ఎంచే పని కాకకు అప్పగించాడు. కాక ఇబ్రహీంపట్నం మనిషి, దుబాయి గోదాములో పన్నెండేళ్లు స్కానర్ పట్టి వచ్చినవాడు. మాకు ఇంజనీరు కంటే ఎక్కువ.

టై కట్టుకుని అమ్మడానికి వచ్చిన ప్రతివాడినీ కాక ఒకటే అడిగేవాడు: "గిది బట్టనే చూస్తదా, మనిషిని గూడ చూస్తదా?"

"ఎవరు ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉన్నారో కూడా చూపిస్తుంది సార్!" అని వాళ్లు మురిసిపోయేవారు. కాక వాళ్లకు చాయ్ తాగించి మరీ సాగనంపేవాడు.

చివరికి అన్నిటికంటే మొద్దుదాన్ని పట్టుకొచ్చాడు. దానికి తాన్లు తప్ప ఏమీ కనపడవు, అవీ నిదానంగా. సేటు మండిపడ్డాడు. "గన్ని మంచియి ఉండంగ గీ డొక్కుదేందే?"

కాక తల గోక్కున్నాడు. "దుబాయిల ఒంటికి పోయినా ఆఫీసుల తెలుస్తుండె సేటూ. మా అమ్మ సచ్చిపోయిందని ఫోనొస్తే మూలకు పోయి ఏడ్చిన. ఎంతసేపు ఏడ్చిన్నో నాకెరుక లేదు. స్కానర్‌కు ఎరుకే. పదకొండు నిమిషాలు."

సేటు ఆ డొక్కుదే కొన్నాడు. అది ఒక్క తాను చదివేలోగా ఎవరైనా తీరిగ్గా ఏడ్చి రావచ్చు.