బిగువు చెడని జత

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆవిడ ఒకచోట నిలవలేదు. తుడిచిన గట్టునే మళ్లీ తుడిచింది. ఆరేసిన బట్టలు ఆరలేదని తెలిసీ తడిమి చూసి వచ్చింది. భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అప్పటినుంచీ అంతే. కూర్చుంటే ఏదో మరిచిపోయినట్టు అనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు.

“కాసేపు కూర్చోవే తల్లీ! నీ వెనకాల తిరిగి తిరిగి నా కళ్లు నొప్పెడుతున్నాయి,” అంది మంచం మీంచి అత్తగారు.

అంతలో కూతురు కొత్త బూట్లు, నల్ల సాక్సులు పట్టుకొచ్చింది. ఈమధ్యే కళ్లజోళ్ల షాపులో కౌంటరు దగ్గర చేరింది. షాపువాళ్లు ఇచ్చిన బూట్లు చీలమండ కిందికే ఉంటాయి. సాక్సులేమో పిక్కల దాకా వస్తాయి.

“బూట్ల మీంచి సాక్సు కనపడకూడదటమ్మా. ఇవాళ కూడా కనపడితే కౌంటరు నుంచి తీసేసి గోడౌన్‌లో పడేస్తానన్నాడు సూపర్‌వైజరు.”

“ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా?”

“లోపలికి మడుద్దాం అనుకున్నా. మడిస్తే మడమ దగ్గర ఉండ కడుతోంది. ఈ వేళకి ఏ కొట్టూ తియ్యరు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.”

“ఉత్త కాళ్లకే తొడుక్కుపో,” అంది అత్తగారు.

“బూటు కరిస్తే నువ్వు మందు రాస్తావా నానమ్మా?”

ఆవిడకి పని దొరికింది. కూతురి చేత సాక్సు, బూటు తొడిగించి, బూటు అంచు వెంబడే సుద్దముక్కతో గీత గీసింది. ఆ గీతకి కాస్త కిందుగా కత్తిరించి, పైనున్న సాగే పట్టీని తెచ్చి పాదం ముక్కకి కుట్టేస్తే సరి, మధ్య ముక్క పోతుంది. రెండు సాక్సులూ కోసింది. పట్టీలు చేతిలోకి తీసుకుంది.

“అమ్మా! అదేం పనే?”

కూతురి కేకకి చూసుకుంటే, పట్టీల నిండా గాట్లు. కత్తెర దానంతటదే పోయింది.

భర్తకి చివరి రోజుల్లో కాళ్లు వాచేవి. సాక్సు పట్టీ పిక్కలోకి దిగి వాత పడేది. అందుకని ప్రతి జతకీ ఆవిడే గాట్లు పెట్టి వదులు చేసేది. “ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందే,” అనేవాడాయన. సాక్సు చేతిలోకొస్తే ఆ చేతికి ఆ పనొక్కటే తెలుసు.

“ఇక ఇవి జారిపోక ఏమవుతాయి?” అంది కూతురు.

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది. బీరువాలో ఇంకో నల్ల జత ఉంది, చీటీ కూడా ఊడని కొత్తది. ఆవిడ గాట్లు పెట్టేలోపే ఆయన వెళ్లిపోయాడు. బిగువు చెడనిది ఆ ఒక్కటే. తలుపు తీసింది, వేసింది. చివరికి తెచ్చి ఒళ్లో పెట్టుకుంది, కత్తెర మాత్రం ముట్టుకోలేదు.

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

“కోసెయ్,” అంది. “వాడుంటే పిల్లకోసం తన కాళ్లకున్నవే ఊడదీసి ఇచ్చేవాడు.”

ఆ జత పట్టీలు రెండూ కోసింది. లాగి పట్టుకుని, దారం తెగకుండా వదులు వదులుగా కూతురి పాదం ముక్కలకి కుట్టింది. కూతురు తొడుక్కుని గుమ్మం దాకా నడిచి వచ్చింది. సాక్సు కనపడలేదు, జారలేదు.

“కొంచెం బిగుతుగా ఉందమ్మా.”

ఆవిడ చెయ్యి కత్తెర మీదికి పోయింది.

“వద్దొద్దు!” కూతురు కాలు వెనక్కి లాక్కుంది. “బిగుతుంటేనే నిలుస్తుంది. నా కాళ్లు వాయలేదుగా!”

ఆవిడ ఆ సన్నటి చీలమండల వంక చూసింది. కత్తెర తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది.

“నాకు అందకుండా దాచండి.”

కూతురు మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా గుమ్మంలో నిలబడింది. లోపలికొచ్చి, తుడిచిన గట్టునే మళ్లీ తుడవసాగింది.